కోర్సు కాగితం కన్నా ముందు చేసిన పనికి కాగితం కావాలి

విశాఖలో పాత గాజువాక నుంచి కూర్మన్నపాలెం దాకా రోడ్డు పొడవునా కరెంటు స్తంభాలకు ఒకే రకం బోర్డులు వేలాడుతుంటాయి. 15 రోజుల్లో ఎన్‌డీటీ (లోహాన్ని పాడుచేయకుండా లోపం పట్టే పరీక్ష) లెవల్ 2, క్యూసీ ఇన్‌స్పెక్టర్ కోర్సు, పైపింగ్ కోర్సు, గల్ఫ్‌లో ఉద్యోగం గ్యారంటీ. కింద ఫోన్ నంబరు. ఈ మధ్య మా అక్క కొడుకు అలాంటి బోర్డును ఫొటో తీసి నాకు పంపించాడు. కంచరపాలెంలో ఐటీఐ ఫిట్టర్ చేసి, కొన్నేళ్ళుగా షట్‌డౌన్ (ప్లాంటు ఆపి చేసే మరమ్మతు) పనులకు తిరుగుతున్నాడు. ఫీజు కట్టడానికి వాళ్ళమ్మ గాజులు తాకట్టు పెట్టే మాట కూడా ఇంట్లో అయిపోయింది. "మావయ్యా, ఇది చేసెస్తే హెల్పర్ బతుకు తప్పిపోద్ది కదా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు ఫోన్లో ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. వాడి పరిస్థితిలో ఉన్న కుర్రాళ్ళు ఈ ఊళ్ళో వేలల్లో ఉన్నారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ఇది. కాంట్రాక్టు మీద సాంకేతిక పని చేసుకు బతికేవాడికి అసలైన అర్హతపత్రం చేసిన పనికి రుజువు. ఏ సైటులో, ఏ పని, ఏ సైజు పైపు, ఎన్ని రోజులు, ఎవరి పర్యవేక్షణలో. ఆ రుజువు లేకుండా కొన్న కోర్సు కాగితం ఒకటి రెండు గేట్లు దాటిస్తుందేమో గానీ, మనిషిని హెల్పర్ రేటు మించి పైకి తీసుకెళ్ళదు. మన వ్యవస్థలో ఆ రుజువు కాంట్రాక్టరు దగ్గర ఉంటుంది, కంపెనీ దగ్గర ఉంటుంది, పని చేసినవాడి దగ్గర మాత్రం ఉండదు. ముందు మారాల్సింది అది.

నేను క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ) పనిలో ఉన్నవాణ్ణి. రిఫైనరీ, స్టీలు ప్లాంటు, షిప్‌యార్డు, పరవాడ ఫార్మా కంపెనీలు, అచ్యుతాపురం సెజ్, ఎక్కడ పని మొదలైనా మ్యాన్‌పవర్ సప్లై వాళ్ళు పంపే ఫైళ్ళు నాలాంటి వాళ్ళ టేబుల్ మీదికి వస్తాయి. వెల్డర్లు, ఫిట్టర్లు, గ్రైండర్లు, ఎన్‌డీటీ కుర్రాళ్ళు. ఫైలు తెరవగానే పైన మెరిసే సర్టిఫికెట్లు, లామినేషన్ చేసినవి. అట్టడుగున ఎక్కడో ఒక ఎక్స్‌పీరియన్స్ లెటరు. "ఫలానా వ్యక్తి మా దగ్గర ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేశాడు, అతని ప్రవర్తన బాగుంది" అంతే. ఏం పని చేశాడో అందులో ఉండదు. చాలా ఫైళ్ళలో ఆ లెటరు కూడా ఉండదు.

పదిహేను రోజుల లెవల్ 2

ఎన్‌డీటీ సంగతే తీసుకుందాం, ఎక్కువ డబ్బు పోయేది అక్కడే. మన దగ్గర సంస్థలు ఇచ్చే లెవల్ 2 సర్టిఫికెట్లు ఎక్కువగా ఎస్ఎన్‌టీ-టీసీ-1ఏ అనే పత్రం పేరు మీద ఉంటాయి. ఎన్‌డీటీ చేసేవాళ్ళ అర్హతల గురించిన ఆ పత్రాన్ని అమెరికాలోని ఏఎస్ఎన్‌టీ అనే సొసైటీ 1966లో మొదట ప్రచురించింది. కోర్సు అమ్మేవాళ్ళు చెప్పని విషయం ఒకటి అందులో ఉంది. ఆ పద్ధతిలో సర్టిఫై చేయాల్సింది ఉద్యోగం ఇచ్చిన యజమాని. శిక్షణ ఎవరైనా ఇవ్వచ్చు, పరీక్ష బయట పెట్టించుకోవచ్చు, కానీ ఈ మనిషి నా దగ్గర ఈ పని చేయగలడు అని సంతకం పెట్టి బాధ్యత తీసుకునేది యజమానే. ఆ ఉద్యోగం వదిలేసిన రోజున ఆ సర్టిఫికేషన్ కూడా పోతుంది. కొత్త కంపెనీ తన పద్ధతి ప్రకారం మళ్ళీ చూసుకోవాలి.

ఇంకోటి, గంటలు. ఆ పత్రం 2016 ఎడిషన్ పట్టికలో అల్ట్రాసోనిక్ టెస్టింగుకు (శబ్ద తరంగాలతో లోపం వెతికే పద్ధతికి) లెవల్ 1కి 40 గంటల శిక్షణ, లెవల్ 2కి మరో 40 గంటలు ఉన్నాయి. రెండు వారాల కోర్సులో ఈ 80 గంటలు సర్దేయచ్చు. కానీ పక్క గడిలో అనుభవం అని ఇంకో అంకె ఉంది. లెవల్ 1కి 210 గంటలు, లెవల్ 2కి 630 గంటలు, అదీ ఆ ఒక్క పద్ధతిలోనే. నేరుగా లెవల్ 2కి వెళ్ళాలంటే రెండూ కలపాలి. మొత్తం 840 గంటలు. రోజుకి 8 గంటలు ప్రోబు చేత్తో పట్టుకునే ఉన్నా 105 రోజులు. 15 రోజుల్లో లెవల్ 2 అని బోర్డు కట్టినవాడు ఈ గడిని ఎక్కడ నింపుతున్నాడు? నింపడం లేదు. అనుభవం కాలమ్ ఖాళీగానో, "క్యాండిడేట్ చూపించాలి" అన్న అర్థం వచ్చే చిన్న అక్షరాల్లోనో వదిలేస్తాడు. కుర్రాడికి ఆ సంగతి ఇంటర్వ్యూలో తెలుస్తుంది.

వెల్డర్లదీ అదే కథ. 6జీ వెల్డింగు టెస్టు పాసయ్యాను అని చెప్పుకునే కుర్రాడు అబద్ధం చెప్పడం లేదు. 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించిన పైపు చుట్టూ తిరిగి వెల్డింగు చేసి, ఆ కూపను (నమూనా ముక్క) టెస్టులో నిలబడిందంటే అది నిజమైన ప్రతిభే. కానీ అమెరికా ఇంజనీర్ల సంస్థ ఏఎస్ఎంఈ కోడ్‌లో వెల్డింగు గురించిన సెక్షన్ 9 ప్రకారం వెల్డరును క్వాలిఫై చేసే బాధ్యత అతన్ని పెట్టుకున్న సంస్థది. ఇంకో కంపెనీ గేటులో అడుగుపెడితే మళ్ళీ టెస్టు. పైగా ఒక ప్రాసెస్‌లో (వెల్డింగు పద్ధతిలో) 6 నెలలు వెల్డింగు చేయకుండా ఉంటే ఆ ప్రాసెస్‌కు క్వాలిఫికేషన్ చెల్లదు. రెండు షట్‌డౌన్ల మధ్య ఇంటి దగ్గర ఖాళీగా ఉండే మనవాళ్ళకు 6 నెలలు గడవడం ఎంతసేపు? మధ్యలో ఏదో చిన్న షెడ్డులో టిగ్ వెల్డింగు పని చేసే ఉంటాడు. చేశాడని చూపించే కాగితం ఉండదు.

జాయింటు మీద నంబరు

అసలు బాధ ఏమిటంటే, రుజువు లేకపోవడం కాదు. రుజువు పుట్టెడు ఉంది, ప్రతి జాయింటుకూ ఉంది.

బయటివాళ్ళకు తెలియకపోవచ్చు గనక కొంచెం వివరంగా చెప్తాను. రిఫైనరీ లాంటి చోట పైపులైను పని జరిగితే ప్రతి జాయింటుకూ ఒక నంబరు ఉంటుంది. వెల్డింగు అయ్యాక పక్కనే పెయింట్ మార్కరుతో వెల్డర్ నంబరు రాస్తారు. రూట్ (అడుగు పొర) ఒకరు, ఫిల్లింగ్ (పై పొరలు) ఒకరు చేస్తే రెండు నంబర్లూ రాస్తారు. సాయంత్రానికి అది వెల్డింగ్ రిపోర్టులోకి ఎక్కుతుంది. లైన్ నంబరు, జాయింట్ నంబరు, సైజు, మందం, మెటీరియల్, ఏ ప్రొసీజరు, ఏ వెల్డరు, ఏ తేదీ, రేడియోగ్రఫీ ఫిల్ము (జాయింటుకు ఎక్స్‌రే లాంటిది) తీస్తే ఫలితం ఏమిటి, రిపేరు వస్తే ఏ లోపం. నెలాఖరుకు వెల్డరు వారీగా రిపేర్ శాతం తీస్తాం. ఏ కుర్రాడి చెయ్యి నమ్మకమైనదో, ఎవరికి పొరాసిటీ (వెల్డులో గాలి బుడగలు) ఎక్కువ వస్తోందో ఆ షీటు చూస్తే తెలిసిపోతుంది. ఈ దేశంలో ఏ డిగ్రీ మార్కుల జాబితాకూ అంత వివరం ఉండదని నేను ఘంటాపథంగా చెప్పగలను.

ప్రాజెక్టు అయిపోయాక ఆ షీట్లన్నీ ఫైనల్ డాసియరులో (ప్రాజెక్టు రికార్డుల సంపుటిలో) బైండు చేసి క్లయింటుకు అప్పగిస్తాం. వెల్డరు గేట్ పాస్ సరెండర్ చేసి, సెటిల్‌మెంట్ తీసుకుని బస్సెక్కుతాడు. డాసియరులో అతని పేరు ఏదో ఒక అనుబంధంలో ఒక్కసారి వస్తుంది, మిగతా అన్నిచోట్లా నంబరే. అదే నంబరు తరువాతి ప్రాజెక్టులో ఇంకొకడికి ఇస్తారు. విశాఖ రిఫైనరీ సామర్థ్యం ఏటా 8.3 మిలియన్ టన్నుల నుంచి 15 మిలియన్ టన్నులకు పెరిగింది. ఆ విస్తరణలో ఎన్ని జాయింట్లు వెల్డు అయ్యాయో ఊహించుకోండి. వాటిని చేసిన చేతులు శ్రీహరిపురంలోనూ మల్కాపురంలోనూ గదులు అద్దెకు తీసుకుని ఉన్నాయి. ఆ చేతుల్లో తాము చేసిన జాయింట్ల జాబితా ఒక్క పేజీ ఉన్నవాళ్ళు ఎంతమంది?

ఫిట్టరు పరిస్థితి ఇంకా అన్యాయం. వెల్డరుకు కనీసం నంబరుంది. ఫిట్-అప్ (వెల్డింగుకు ముందు పైపులు సరిగ్గా అమర్చడం) చేసినవాడికి అదీ లేదు. పైగా గేట్ పాసు మీద హోదా. కనీస వేతనాల్లో అన్‌స్కిల్డ్, సెమీ స్కిల్డ్, స్కిల్డ్ అని రేట్లు వేరుగా ఉంటాయి కదా, కాగితాల మీద హెల్పర్ అని చూపించి ఫిట్టరు పని చేయించుకునే సబ్ కాంట్రాక్టర్లు కొందరున్నారు. కూలి తేడా ఒక నష్టం, అది ఆ నెలతో పోతుంది. హెల్పర్ అన్న మాట మాత్రం ఏళ్ళ తరబడి రికార్డులో ఉండిపోతుంది. మా అక్క కొడుకు గేట్ పాసుల్లో ఎక్కువ భాగం మీద ఉన్నది ఆ మాటే. నిజానికి వాడు ఐసోమెట్రిక్ డ్రాయింగు (పైపులైను బొమ్మ) చూసి స్పూలు (పైపు ముక్కలు జోడించిన భాగం) కట్టగలడు.

ఒక డైరీ

కొంతకాలం కిందట ఒక షట్‌డౌన్‌కు ఫిట్టర్లను తీసుకుంటున్నాం. ఫైళ్ళు నిండుగా ఉన్న కుర్రాళ్ళు వరసగా వచ్చారు. క్యూసీ కోర్సు, సేఫ్టీ డిప్లొమా, ఆటోక్యాడ్, ఇంకా ఏవేవో. రూట్ గ్యాప్ (రెండు పైపుల మధ్య సందు) ఎంత పెడతావు, హై-లో (అంచుల ఎత్తుపల్లాల తేడా) ఎంతవరకు వదిలేస్తారు అంటే తడబడ్డారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒకాయన, నలభై దాటి ఉంటాయి, ఫైలేమీ లేకుండా ఎల్ఐసీ వాళ్ళు ఇచ్చే డైరీ ఒకటి పట్టుకుని కూర్చున్నాడు. ఐటీఐ కూడా లేదు. డైరీ తెరిచి చూపించాడు. తెలుగులో, బాల్‌పెన్నుతో, వంకర అక్షరాలు.

ఒక పేజీలో ఇలా ఉంది. 8 అంగుళాలు, షెడ్యూల్ 80 (గోడ మందం), సీఎస్ (కార్బన్ స్టీలు). ఫిట్-అప్ 6. గ్యాప్ 3 ఎంఎం. ఒకటి వెనక్కి కొట్టారు, హై-లో 2 దాటింది, క్లాంపు జారింది, విప్పి మళ్ళీ కట్టాం. కింద సైటు ఇంజనీరు పొట్టి సంతకం, తేదీ. పేజీలు తిప్పుతుంటే స్టెయిన్‌లెస్ స్టీలు లైన్లు, పంపు నాజిల్ ఎలైన్‌మెంటు, హీటర్ ట్యూబులు, అన్నీ. అన్ని పేజీలకూ సంతకాలు లేవు. కానీ లేని పేజీలు కూడా నమ్మబుద్ధేసింది. ఎందుకంటే వెనక్కి కొట్టిన జాయింటు సంగతి అబద్ధాలు రాసుకునేవాడు రాయడు. ట్రేడ్ టెస్టుకు పంపాం, పని చూసినవాళ్ళు రెండో మాట అనలేదు. స్కిల్డ్ రేటే ఇవ్వాలని నేను పట్టుబట్టాను, ఇచ్చారు.

డైరీ ఎవడైనా రాసుకోవచ్చు కదా అని నా తోటి ఇంజనీరు అప్పుడే అన్నాడు. నిజమే, సంతకం కూడా దొంగది పెట్టచ్చు. కానీ సర్టిఫికెట్లు దొంగవి రావడం లేదా? దొంగ సర్టిఫికెట్ పట్టుకోవాలంటే ఇచ్చిన సంస్థకు మెయిల్ పెట్టి వారం ఎదురుచూడాలి. దొంగ డైరీని పట్టుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. ఆ క్లాంపు ఎందుకు జారింది అని అడిగితే చేసినవాడు చేతులు తిప్పి చూపిస్తాడు.

సర్టిఫికెట్లు వద్దనడం లేదు

ఇక్కడ నాకు ఎదురు చెప్పేవాళ్ళ వాదన బలమైనదే. గల్ఫ్ ఏజెంటు డైరీ చదవడు. కంప్యూటర్లో వెతికే హెచ్ఆర్ అమ్మాయికి ఒక జాబితా ఇచ్చి ఉంటారు, అందులో ఉన్న సర్టిఫికెట్ పేరు రెజ్యూమెలో లేకపోతే మనిషిని పిలవరు. కాగితం లేకుండా తలుపు దగ్గరే ఆగిపోయినవాళ్ళు నాకు తెలుసు, పని బ్రహ్మాండంగా వచ్చినవాళ్ళు.

ఒప్పుకుంటాను. కానీ ఏ సర్టిఫికెట్లు నిజంగా తలుపు తీస్తున్నాయో చూడండి. ఏడబ్ల్యూఎస్ (అమెరికన్ వెల్డింగ్ సొసైటీ) వాళ్ళ సీడబ్ల్యూఐ, సీఎస్‌డబ్ల్యూఐపీ 3.1 అనే వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్ సర్టిఫికెట్లు, ఐఎస్ఓ 9712 అనే అంతర్జాతీయ ప్రమాణం కింద వచ్చే ఎన్‌డీటీ సర్టిఫికేషన్. వీటిని ఇచ్చేది యజమాని కాదు, మూడో పక్షం. కంపెనీ మారినా మనిషితో పాటే వస్తాయి. సీడబ్ల్యూఐ 3 ఏళ్ళు, మిగతా రెండూ 5 ఏళ్ళు చెల్లుతాయి. విలువైనవి. మరి వాటికి దరఖాస్తు చేసేటప్పుడు ఏం అడుగుతారు? హైస్కూలు చదువుతో సీడబ్ల్యూఐ రాయాలంటే వెల్డింగుకు సంబంధించిన 5 ఏళ్ళ అనుభవం చూపించాలి, పనిచేయించినవాళ్ళు ధృవీకరించాలి. 9712లోనూ అనుభవం రుజువు కావాలి. అంటే పెద్ద మెట్టు ఎక్కాలన్నా మళ్ళీ ఆ కాగితమే. అప్పుడు వెనక్కి వెళ్ళి, మూతపడ్డ సబ్ కాంట్రాక్టరు ఆఫీసు కోసం ఆటోనగర్‌లో వెతుక్కునేవాళ్ళను చూశాను.

బాయిలరు పనుల్లో ఐబీఆర్ (భారత బాయిలర్ నిబంధనల) వెల్డర్ సర్టిఫికెట్ వెల్డరు పేరు మీదే వస్తుంది, గడువు 2 ఏళ్ళు. చేయగలిగినవాళ్ళు దాన్ని వదులుకోకండి. రేడియోగ్రఫీకి వెళ్ళాలనుకునేవాడికి అణుశక్తి నియంత్రణ మండలి గుర్తించిన శిక్షణ తప్పనిసరి. అందులో దొడ్డిదారి వెతకడం ప్రాణాలతో ఆట. ఎన్‌డీటీకి వెళ్ళేవాళ్ళు కోర్సు కన్నా ముందు కళ్ళు చూపించుకోండి. దగ్గరి చూపు పరీక్ష ఏటా పాసవ్వాలి, రంగుల తేడా కూడా తెలియాలి. ఫీజు కట్టాక ఈ సంగతి తెలిసి ఏడ్చిన కుర్రాడున్నాడు.

కాబట్టి నా వాదన వరస గురించి. ముందు పని, పనికి రుజువు, గంటలు పోగయ్యాక పరీక్ష. అప్పుడైతే తాకట్టు పెట్టినా అర్థం ఉంది.

అదే వీధిలో సీమెన్

ఈ రుజువు అంతా ఎలా సాధ్యం, ఇన్ని అంచెల సబ్ కాంట్రాక్టుల్లో ఎవడు ఇస్తాడు అంటారు. ఇది ఓడరేవు ఊరు. జవాబు మన వీధిలోనే ఉంది.

మర్చంట్ నేవీలో పనిచేసే కుర్రాళ్ళను చూడండి. వాళ్ళదీ కాంట్రాక్టు బతుకే. కొన్ని నెలలు ఓడ మీద, తరువాత ఇంటి దగ్గర, మళ్ళీ ఇంకో కంపెనీ ఓడ. కానీ వాళ్ళ చేతిలో సీడీసీ అనే సర్వీసు రికార్డు పుస్తకం ఉంటుంది. ఏ ఓడ ఎక్కాడు, ఏ హోదాలో, ఏ రేవులో ఏ తేదీన ఎక్కాడు, ఎప్పుడు దిగాడు, ప్రతి వరసకూ మాస్టరు (ఓడ కెప్టెన్) సంతకం, ఓడ ముద్ర. ఆ పుస్తకం కంపెనీది కాదు, మనిషిది. పై ర్యాంకు పరీక్షకు వెళ్ళాలంటే ఆ సీ సర్వీసే ఆధారం. ఇంజను రూములో ఫిట్టరుగా చేసిన కుర్రాడికి తాను ఎక్కడెక్కడ ఎన్ని నెలలు ఫిట్టరుగా చేశాడో రుజువుంది. అదే వీధిలో ఒడ్డున ఉన్న ఫిట్టరుకు హెల్పర్ అని రాసిన గడువు తీరిన గేట్ పాసు ఉంది. ఇద్దరి పనిలో నైపుణ్యం తేడా అంత ఉందా?

మనిషి వెంట రికార్డు నడవడం ఒడ్డు మీద కూడా కొత్తేమీ కాదు. 2014 నుంచి పీఎఫ్‌కు 12 అంకెల యూఏఎన్ ఉంది, ఎన్ని కంపెనీలు మారినా అదే నంబరు. రేడియోగ్రఫీ కుర్రాడు ఛాతీకి పెట్టుకునే, రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి లెక్కలు జాతీయ స్థాయిలో అతని పేరు మీద భద్రంగా ఉంటాయి, కంపెనీ మారినా పాత మోతాదు కొత్తదానికి కలుస్తుంది. ఉండాల్సిందే, 5 ఏళ్ళలో రేడియేషన్ మోతాదు 100 మిల్లీసీవర్టులు దాటకూడదన్నది నియమం కాబట్టి. కానీ ఒక్కసారి ఆలోచించండి. అతని ఒంటికి తగిలిన రేడియేషన్ లెక్క జీవితాంతం అతని వెంట వస్తోంది. ఆ రేడియేషన్ కింద అతను తీసిన ఫిల్ముల లెక్క మాత్రం ప్రాజెక్టు గేటు దగ్గరే ఆగిపోతోంది.

సంతకం ఎందుకు పెట్టరు

సైటు ఇంజనీర్లు దుర్మార్గులు కాబట్టి సంతకం పెట్టరని నేను అనను. భయం ఉంది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు, కాంట్రాక్టు కార్మికులను ఆటోమేటిగ్గా పర్మనెంటు చేయాలన్న మునుపటి తీర్పును పక్కనపెట్టింది. కానీ కాంట్రాక్టు అన్నది ఉత్త ముసుగు అని తేలితే ఆ కార్మికుడు అసలు యాజమాన్యం మనిషే అన్న దారి ఉంచింది. దాంతో కంపెనీ వైపు ఇంజనీరు కాంట్రాక్టు మనిషి పుస్తకంలో సంతకం పెడితే, రేపు అది కోర్టులో అతను కంపెనీ పర్యవేక్షణలో పనిచేశాడనడానికి సాక్ష్యం అవుతుందని లీగల్ వాళ్ళు హెచ్చరిస్తారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. అయితే దానికి విరుగుడు కాంట్రాక్టరు చేత ఇప్పించడం, అసలు ఇవ్వకపోవడం కాదు.

చట్టం ఇవ్వమనే చెప్పింది. 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం కింద 1971లో చేసిన కేంద్ర నిబంధనల్లో, పనిలో చేరిన 3 రోజుల్లోగా ఎంప్లాయ్‌మెంట్ కార్డు, పని ముగిశాక సర్వీస్ సర్టిఫికెట్ కాంట్రాక్టరు ఇవ్వాలని ఉంది. ఇన్ని దశాబ్దాలుగా ఉంది. అందుకున్నవాళ్ళు చేతులెత్తమంటే మా సైటులో ఎన్ని చేతులు లేస్తాయో నాకు తెలుసు. ఇప్పుడు 2025 నవంబరు నుంచి ఆ చట్టం స్థానంలో 2020 నాటి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. అందులో చేసిన పని వివరాలతో ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇవ్వాలని స్పష్టంగా రాశారు. సంతోషమే, పని వివరాలు అన్న మాట ముఖ్యం. అయితే రెండు చిక్కులు. ఒకటి, కార్మికుడు అడిగితేనే ఇవ్వాలి. రేపటి షట్‌డౌన్‌కు తనను పిలవాల్సిన మనిషిని ఎదురుగా నిలబడి అడగడం ఎంత కష్టమో అడిగినవాడికే తెలుసు. రెండు, కాంట్రాక్టు కార్మికుల అధ్యాయం 50 మంది, ఆపైన ఉన్నచోటే వర్తిస్తుంది. పాత చట్టంలో అది 20. మన దగ్గర మూడో అంచె సబ్ కాంట్రాక్టరు కింద పాతిక మందో ముప్ఫై మందో ఉంటారు. అంటే ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళే జారిపోతున్నారు.

నాకున్న ఒక పెద్ద సందేహం కూడా చెప్పాలి. రికార్డు మనిషి వెంట నడిస్తే అది మనిషి మీదే కత్తి అవ్వచ్చు. రిపేర్ శాతం కంపెనీల మధ్య చేతులు మారితే, ఒక చెడ్డ నెల చూపించి వెల్డరును ఎక్కడా చేర్చుకోకుండా చేయచ్చు. యూనియన్‌లో తిరిగాడని ఒక గుర్తు పెట్టచ్చు. ఈ ఊళ్ళో ఆ భయం ఊరికే వచ్చింది కాదు. అందుకే కంపెనీలు చూసుకునే డేటాబేసు నాకు వద్దు. సీడీసీలాగా కార్మికుడి చేతిలో ఉండే పుస్తకం కావాలి. ఎక్కడ, ఎప్పుడు, ఏ హోదాలో, ఏ పని. గుణగణాల కాలమ్ అందులో ఉండకూడదు. చూపించాలా వద్దా అన్నది అతని ఇష్టం.

అంతవరకు ఏం చేయాలి

ప్రభుత్వం పుస్తకం ఇచ్చేదాకా ఆగే పనిలేదు. ఒక నోటుబుక్కు కొనండి, ఏ రోజు పని ఆ రోజే రాయండి, తెలుగులోనే రాయండి. సైటు, యూనిట్, పైపు సైజు, షెడ్యూలు, మెటీరియల్, మీరు చేసింది ఏమిటి, తప్పు వస్తే ఎందుకు వచ్చింది, ఎలా సరిచేశారు. క్లయింటు ఇంజనీరు పెట్టకపోతే కాంట్రాక్టరు ఇంజనీరు చేత వారానికోసారి సంతకం పెట్టించండి. ఆదివారం పని తక్కువ ఉన్నప్పుడు, టీ టైములో అడిగితే ఎక్కువమంది పెడతారు. డ్రాయింగులను ఫొటోలు తీయద్దు, లైన్ నంబర్లు అక్షరం పొల్లుపోకుండా కాపీ చేయద్దు. అది కంపెనీ ఆస్తి, పట్టుబడితే గేట్ పాస్ పోతుంది.

పీఎఫ్ సర్వీస్ హిస్టరీ ప్రతి ప్రాజెక్టు తరువాతా తెరిచి చూసుకోండి. చేరిన తేదీ, మానేసిన తేదీ అందులో ఉంటాయి. మీకు తెలియని సంస్థ పేరు కనబడవచ్చు, పై కాంట్రాక్టరుది అయి ఉంటుంది, రాసిపెట్టుకోండి. ఎక్కడో దూరాన బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాడికి అది తిరుగులేని రుజువు. గేట్ పాసు సరెండర్ చేసేముందు బయట రెండు వైపులా ఫొటో తీసుకోండి. దాని మీద హెల్పర్ అని ఉంటే చేరిన మొదటి వారంలోనే అడగండి, చివర్లో అడిగితే లాభం లేదు.

సైటు ఇంజనీర్లు ఎవరైనా ఇది చదువుతుంటే మిమ్మల్ని కూడా ఒకటి అడుగుతున్నాను. డీమొబిలైజేషన్ (పని ముగించి మనుషుల్ని పంపేయడం) అప్పుడు వెల్డర్ వారీ షీటు ఎలాగూ ఎక్సెల్‌లో ఉంటుంది. ఆ నంబరు మీద ఫిల్టర్ పెట్టి, లైన్ నంబర్ల కాలమ్ తీసేసి, సైజు, మెటీరియల్, ప్రాసెస్, జాయింట్ల సంఖ్య ఉంచి, కాంట్రాక్టరు లెటర్‌హెడ్ మీద ప్రింటు తీయించండి. మనిషికి ఐదు నిమిషాల పని. నేను ఉన్న చోట చేయిస్తున్నాను, క్లయింటు అభ్యంతరం చెప్పలేదు.

మా అక్క కొడుకు కోర్సులో చేరలేదు. గాజులు ఇంట్లోనే ఉన్నాయి. పాత కాంట్రాక్టర్లందరి జాబితా రాసి, చేసిన పని వివరాలతో సర్టిఫికెట్ ఇవ్వమని ఒక్కొక్కరికీ కాగితం పెట్టాడు. ఒకరు ఇచ్చారు, హోదా దగ్గర ఫిట్టర్ అని రాశారు గానీ పని వివరాలు ఖాళీ. ఒకరు ఫోన్ ఎత్తడం లేదు. మూడో ఆఫీసులో ఫైనల్ బిల్లు పాసయ్యాక రమ్మన్నారట, ఆ బిల్లు పోయిన వారం పాసయింది. సోమవారం నేనూ వాడితో వెళ్తున్నాను.